హస్త కార్తెలో దుంప, సంక్రాంతికి పువ్వు: నెల్లూరు ఇంట్లో గ్లాక్సీనియా

గ్లాక్సీనియా అనే దుంప పూలమొక్క గురించి ఏ తోటపని పుస్తకం తెరిచినా దుంపను ఫిబ్రవరిలో నాటమనే ఉంటుంది. మొదటి ఏడాది నేనూ అలాగే నాటాను. మార్చిలో ఆకులు అరచేతి వెడల్పున పరుచుకున్నాయి. ఏప్రిల్ నెలాఖరుకు నడుమ పదకొండు మొగ్గలు లేచాయి. వేదాయపాళెంలో మా ఇల్లు పడమటి ముఖం. మే మొదటి వారంలో వడగాలి మొదలైన రెండు రోజులకే ఆ పదకొండూ పోపులో మాడిన ఆవాల్లా నల్లబడి, వేలు తగిలితే రాలిపోయాయి.

ఆ పుస్తకాలు మంచు కురిసే ఊళ్ళవాళ్ళు రాసుకున్నవి. వాళ్ళకు గడ్డుకాలం చలి, మనకు ఎండ. ఈ మొక్క గడ్డుకాలాన్ని మట్టి కింద దుంపగా పడుకుని దాటేస్తుంది. అక్కడ డిసెంబరులో పడుకునే దుంప ఇక్కడ రోహిణి కార్తెలో పడుకోవాలి. ఈ ఒక్క సంగతి ఒప్పుకున్నాక మిగతావన్నీ నాకు వాటంతటవే సర్దుకున్నాయి. ఏడాదిని తలకిందులు చేశాను. హస్త కార్తెలో, అంటే సెప్టెంబరు ఆఖరునో అక్టోబరు మొదట్లోనో నాటితే సంక్రాంతి ముగ్గుల నాటికి పువ్వు విచ్చుతోంది. నెల్లూరు, కావలి, ఒంగోలు, ఎక్కడైనా ఈ లెక్క కాస్త అటూఇటూగా సరిపోతుంది.

ఇది ఎక్కడి మొక్క

పుట్టిల్లు బ్రెజిల్. అక్కడి తూర్పు తీరపు అడవుల్లో రాతి వాలుల మీద, బండల సందుల్లో చేరిన ఆకుకుళ్ళులో పెరుగుతుంది. పైన చెట్ల నీడ, కింద నీరు నిలవని రాయి, చుట్టూ తేమగాలి. మనం కుండీలో చేయాల్సిందంతా ఆ బండ సందును మళ్ళీ కట్టడమే. అసలు పేరు సిన్నింగియా స్పెసియోసా. 1817లో యూరప్‌లో దీన్ని గ్లాక్సీనియా అని పిలిచారు, ఆ తర్వాత సిన్నింగియా అనే వేరే ప్రజాతి కిందకు మార్చారు గాని, జనం నోట పాత పేరే నిలిచిపోయింది. అడవి మొక్కకు పూలు తలవంచుకుని పక్కకు చూస్తాయి. ఇప్పుడు నర్సరీల్లో కనిపించే, గంటను తిరగేసి పెట్టినట్టు పైకి చూసే పూలు 1845లో స్కాట్లండ్‌లో జాన్ ఫైఫ్ అనే తోటమాలి చేతిలో పేరుకెక్కిన రకం నుంచి వచ్చినవి. ముదురు ఊదా, ఎరుపు, గులాబి, తెల్ల అంచు గలవి, చుక్కలవి ఉంటాయి. పువ్వు ముఖమల్ గుడ్డలా ఉంటుంది. ఆకూ అంతే, సన్నటి నూగుతో. ఆ నూగే తర్వాత మనల్ని కొంత ఇబ్బంది పెడుతుంది.

దుంప పువ్వు అనగానే మన పొలాల కంచెల మీద పాకే అడవినాభి గుర్తొస్తుంది. అందంలో దానికి సాటి లేదు. కానీ దాని దుంప ప్రాణం తీసేంత విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. గ్లాక్సీనియాకు ఆ భయం లేదు, పిల్లులకూ కుక్కలకూ హాని చేయదు. తినేది మాత్రం కాదు.

దుంప కొనడం

రెండు దారులు. పూసిన మొక్కను నర్సరీలో కొనడం, లేదా ఉత్త దుంప తెప్పించుకోవడం. మన ఊళ్ళ నర్సరీలకు కడియం నుంచో బెంగళూరు నుంచో లారీలో వచ్చిన మొక్కలే ఎక్కువ. ప్రయాణంలో ఆకులు విరిగి ఉంటాయి, ఈ ఆకులు అప్పడంలా పెళుసు. పూలన్నీ విచ్చినదాన్ని కాక, ఒకటి రెండు పూలు, పది మొగ్గలు ఉన్నదాన్ని ఏరుకోండి. నడుమ చిగురు దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. కుళ్ళు వాసన తగిలితే దుకాణదారు ఎంత తగ్గించినా తీసుకోవద్దు. వేసవిలో అసలే కొనవద్దు.

దుంప అయితే గోళీ అంత నుంచి నిమ్మకాయంత వరకు ఉంటుంది. గోధుమరంగు, కాస్త చదును, ఒక పక్క బొడ్డులాంటి గుంట. వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. పైన కాస్త ముడతపడితే ఫరవాలేదు, మెత్తబడితే పనికిరాదు. పెద్ద దుంపకు పెద్ద ధర పెట్టాల్సిన అవసరం లేదు. రూపాయి బిళ్ళ వెడల్పున్న దుంప కూడా ఆ ఏడాదే పూస్తుంది.

కుండీ, మట్టి

కుండీ చిన్నదిగా ఉండాలి, 12 నుంచి 15 సెంటీమీటర్ల నోరు చాలు. గోళీ అంత దుంపకు 10 కూడా చాలు. పెద్ద కుండీలో వేర్లు అందుకోని మట్టి తడిగా మిగిలిపోయి దుంపను పాడుచేస్తుంది. మట్టి కుండీనా ప్లాస్టిక్‌దా అంటే నా ఓటు మట్టిదానికే. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వెంట వాయుగుండం పట్టి గాలి అంతా నీరుగా ఉన్నప్పుడు కుండీ గోడలు కాస్త తేమను బయటికి లాగేస్తాయి. రోజంతా ఏసీ నడిచే గదిలో పెట్టేవాళ్ళకు ప్లాస్టిక్ మేలు.

మట్టి అంటున్నాను గాని, తోటమట్టి ఇందులో ఒక్క పిడికెడు కూడా వేయను. ఎర్రమట్టి గట్టిపడుతుంది, నల్లరేగడి నీరు పట్టుకుని వదలదు. నేను కలిపేది రెండు పాళ్ళు కొబ్బరిపొట్టు, ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు పెర్లైటు, అంటే నీరు నిలవకుండా మట్టిలో కలిపే తేలికపాటి తెల్ల గుళికలు. పెర్లైటు దొరకకపోతే ముతక ఇసుక. ఇసుక విషయంలో మాత్రం మన జిల్లా వాళ్ళు జాగ్రత్త పడాలి. మైపాడు వెళ్ళినప్పుడు సంచిలో తెచ్చుకున్న సముద్రపు ఇసుక వద్దు, అందులో ఉప్పుంటుంది. గూడూరు వైపు తెల్లటి సిలికా ఇసుక చూడటానికి ముచ్చటగా ఉంటుంది గాని, మరీ సన్నటిదైతే గాలి సందులన్నీ పూడ్చేస్తుంది. ఇల్లు కడుతున్న చోట పెన్నా ఇసుక జల్లించాక జల్లెడ మీద మిగిలే ముతక గింజలు అడిగి తెచ్చుకోండి, రెండు మూడు నీళ్ళు పోసి కడగండి. దాన్ని మించింది లేదు.

కొబ్బరిపొట్టు ఇటుకను నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టాలి. రెండు మూడుసార్లు అలా చేస్తే గాని దానిలో ఉప్పు పోదు. రైసుమిల్లులో ఊరికే ఇచ్చే ఊక బూడిద వేద్దామని చాలామందికి అనిపిస్తుంది. అది క్షారం. గ్లాక్సీనియాకు కాస్త పులుపు వైపు ఉండే మట్టి ఇష్టం, ఉదజని సూచిక (పీహెచ్) 5.5 నుంచి 6.5 మధ్య. బూడిదను వేరే మొక్కకు వాడుకోండి.

నాటడం

బొడ్డు పైకి, గుండ్రని బొర్ర కిందికి. మొలకలు ఆ గుంటలోంచే వస్తాయి. ఏది పైవైపో తెలియకపోతే దుంపను పక్కకు పడుకోబెట్టండి, మొలక తన దారి తాను చూసుకుంటుంది. దుంప పైన ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టి చాలు. కందలా లోతుగా పాతిపెట్టవద్దు.

నాటిన రోజు మట్టి మొత్తం ఒకసారి తడిసి, పిడికిట్లో నొక్కితే చుక్క రాలనంత తేమకు వచ్చాక, మొలక కనబడేదాకా దాదాపు నీళ్ళు పోయకూడదు. దుంపలు ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. వేరు లేని దుంప నీరు తాగలేదు, అందులో నానుతుంది. పైపొర పూర్తిగా ఆరితే కుండీ అంచు వెంట రెండు చెంచాలు, అంతే. మొలక రెండు మూడు వారాల్లో వస్తుంది. కొన్ని మొండి దుంపలు ఆరు వారాలు తీసుకుంటాయి. అప్పుడు మట్టి తవ్వి చూడాలని వేలు దురద పెడుతుంది, కానీ తవ్వితే మొలక విరుగుతుంది.

మూడు నాలుగు మొలకలు ఒకేసారి వస్తే బలంగా ఉన్నది ఒక్కటి ఉంచి మిగతావి గిల్లేయండి. మూడు సెంటీమీటర్లు ఎదిగాక గిల్లితే వాటిని తడి పొట్టులో గుచ్చి వేరు పట్టించవచ్చు, మరో మొక్క వస్తుంది.

వెలుతురు

తూర్పు కిటికీ ఉంటే సగం పని అయినట్టే. పొద్దున ఎనిమిది గంటల వరకు పడే లేత ఎండ దీనికి చాలు, ఆ తర్వాత వెలుతురే గాని ఎండ పడకూడదు. ఉత్తరపు కిటికీ కూడా పనికొస్తుంది, పూలు కాస్త తగ్గుతాయి. పడమటి ఎండ జనవరిలో కూడా ఆకును కాలుస్తుంది. మా ఇంట్లో తూర్పున గోడే కాబట్టి పుస్తకాల అర కింద 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులైటు బిగించి, దానికి ఒక అడుగు కిందుగా కుండీలు పెట్టాను. రోజుకు 12 నుంచి 14 గంటలు వెలుగుతుంది. నిజం చెప్పాలంటే కిటికీలో కంటే అక్కడే బాగా పూస్తున్నాయి.

వెలుతురు చాలుతోందో లేదో మొక్కే చెబుతుంది. కాడలు పొడవుగా సాగి ఆకులు కుండీ అంచు మీదుగా కిందికి వాలితే చీకటి ఎక్కువైంది. ఆకులు చిన్నవై, పచ్చదనం వెలిసి, అంచులు లోపలికి ముడుచుకుంటే వెలుతురు ఎక్కువైంది. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతుంటే ఒకవైపుకు వాలకుండా గుండ్రంగా పరుచుకుంటుంది. సీలింగ్ ఫ్యాను సరిగ్గా కింద మాత్రం పెట్టవద్దు.

నీళ్ళు

మా అత్తయ్యకు మొక్కలంటే ప్రాణం. నేను ఊరెళ్ళిన వారం రోజులు ఆవిడ రోజూ రాత్రి పడుకునేముందు గ్లాక్సీనియాకు ఒక గ్లాసు నీళ్ళు పోశారట. నేను తిరిగి వచ్చేసరికి ఆకులన్నీ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి.

"పాపం, దాహంగా ఉన్నట్టుంది చూడమ్మాయ్, ఎంత పోసినా తేరుకోవడం లేదు" అన్నారు.

"అత్తయ్యా, అది దాహం కాదండీ" అంటూ కుండీ ఎత్తి చూస్తే రాయిలా బరువు. మట్టి విప్పితే దుంప కింది సగం నల్లగా, మగ్గిపోయిన సపోటాలా జారిపోయింది. తెల్లటి కండ కనబడేదాకా కత్తితో చెక్కి, గంధకం పొడి అద్ది, నీడలో మూడు రోజులు ఆరబెట్టి, పొడిపొట్టులో మళ్ళీ నాటాను. బతికింది. ఆ ఏడాది పూయలేదు.

అందుకే ఇది గుర్తు పెట్టుకోండి: గ్లాక్సీనియా దాహమేసినా వాడుతుంది, వేరు కుళ్ళినా వాడుతుంది. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. నీళ్ళ చెంబు అందుకునేముందు కుండీని చేత్తో ఎత్తండి. తేలిగ్గా ఉంటే దాహం, బరువుగా ఉంటే కుళ్ళు. నాలుగు రోజులు ఎత్తి చూస్తే ఆ తేడా చేతికి అలవాటవుతుంది.

నీరు పోసే పద్ధతి కూడా ముఖ్యమే. పైనుంచి పోస్తే నడుమ చిగురులో నిలిచి కుళ్ళు పుట్టిస్తుంది, నూగు ఆకుల మీద పడిన చుక్క మచ్చ చేస్తుంది. కింద పళ్ళెంలో నీళ్ళు పోసి అరగంట ఉంచండి. పైమట్టి చెమ్మగిల్లగానే మిగిలినవి పారబోయండి. పళ్ళెంలో రాత్రంతా నీళ్ళు నిలవకూడదు. చలికాలం పొద్దున్నే టాంకు నీళ్ళు చల్లగా ఉంటాయి, బకెట్లో పట్టి గది వేడికి వచ్చాక వాడండి. పైమట్టి ఒక వేలు కణుపు లోతున ఆరినప్పుడే తిరిగి నీళ్ళు. నాకు నవంబరులో అయిదారు రోజులకోసారి, పూత మీదున్న ఫిబ్రవరిలో మూడు రోజులకోసారి వస్తుంది.

ఇక అవి ఏ నీళ్ళు? తీరం వెంట బోరు నీరు ఉప్పగా ఉంటుంది, కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. అలాంటి నీరు నాలుగు నెలలు పోస్తే కుండీ అంచున తెల్లటి పొరగా ఉప్పు తేలుతుంది, ఆకు అంచులు కాలినట్టవుతాయి. ఈ మొక్క పెరిగే కాలమూ మనకు వానలు పడే కాలమూ ఒకటే కావడం అదృష్టం. మొదటి వాన మిద్దెను కడగనిచ్చి, రెండో వాన నుంచి ఒక డ్రమ్ము పట్టుకుని దోమలు చేరకుండా మూత పెట్టుకుంటే సంక్రాంతి దాటేదాకా సరిపోతుంది. వాన నీరు అయిపోయాక ఆర్వో నీరు వాడవచ్చు. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీరు మాత్రం వద్దు, వడకట్టిన ఉప్పంతా ఉండేది అందులోనే.

గాలిలో తేమ మన తీరం ఊళ్ళలో చలికాలం చాలినంత ఉంటుంది. ఏసీ గదిలో అయితే పళ్ళెంలో గులకరాళ్ళు పరిచి, రాళ్ళ పైకి రాకుండా నీళ్ళు పోసి, దాని మీద కుండీ పెట్టండి. ఆకుల మీద నీళ్ళు చిలకరించవద్దు.

ఎరువు

నాలుగు జతల ఆకులు వచ్చేదాకా ఏమీ అక్కర్లేదు. ఆ తర్వాత ఎరువుల కొట్లో దొరికే 19:19:19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరు నీటికి ఒక గ్రాము, రెండు వారాలకోసారి, తడి మట్టికే. మిరప రైతులు పిచికారీకి లీటరుకు అయిదు గ్రాములు కలుపుతారు కదా అని మీరు కలపవద్దు. కుండీ మట్టిలో ఉప్పు పోవడానికి దారి లేదు. నడుమన ఆవగింజంత మొగ్గలు కనబడగానే నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉండే 13:0:45కు మారండి, అదే కొలత. నత్రజని ఎక్కువైతే ఆకులు కంచాల్లా పెరుగుతాయి, పువ్వు రాదు. బియ్యం కడిగిన నీళ్ళు, మజ్జిగ, టీ పొడి వద్దు. ఇంటి లోపల కుండీలో అవి చీమల్నీ చిన్న నల్ల ఈగల్నీ పిలుస్తాయి.

పూత

మొగ్గ కనబడ్డాక విచ్చడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఆ కాలంలో కుండీని చోటు మార్చకండి, దుంపను ఎండనివ్వకండి. మొగ్గలు గోధుమరంగుకు తిరిగి ఆగిపోతే కారణం వేడిగాలి, మట్టి మరీ ఆరడం, లేదా తామర పురుగు. ఈ మూడింటినీ వరసగా చూసుకోండి. ఒక్కో పువ్వు వారం పది రోజులు నిలుస్తుంది, ఒకటి వాడేలోగా ఇంకో రెండు విచ్చుతాయి కాబట్టి మొత్తం పూత రెండు నెలలు సాగుతుంది. వాడిన పువ్వును కాడతో సహా తుంచేయండి, ఆకుల మీద రాలి అక్కడే తడిస్తే బూజు పడుతుంది. పూలన్నీ అయ్యాక కాండాన్ని కింది జత ఆకుల పైన కోస్తే చాలాసార్లు రెండో కొమ్మ లేచి మార్చి నెలాఖరులో చిన్న పూత ఇస్తుంది. నాలుగు పూలే వస్తాయి, కానీ అవి బోనసు.

తెగుళ్ళు

మిరప పండించే జిల్లాల వాళ్ళకు తామర పురుగు గురించి కొత్తగా చెప్పేదేముంది. ఆకు అడుగున వెండి గీతలు, పువ్వు మీద తెల్ల చారలు వస్తే అదే. నీలి రంగు జిగురు అట్ట కుండీ పక్కన పెట్టండి, పూలన్నీ తుంచేయండి. ఈ పురుగు వైరస్‌ను కూడా మోస్తుంది. ఆకుల మీద గోధుమరంగు వలయాలు పడి మొక్క గిడసబారితే జాలిపడకుండా దుంపతో సహా పారేయండి, పక్క కుండీలైనా మిగులుతాయి. పిండినల్లి వస్తే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కదాన్నే తీయడమే. వేపనూనె కొట్టాలనుకుంటే ముందు ఒక ఆకు మీద కొట్టి మూడు రోజులు చూడండి, ఈ నూగు ఆకులు నూనెకు ఓర్చుకోవు. తుపాను ముసురులో కరెంటు పోయి గది మూసి ఉన్నప్పుడు బూడిద తెగులు వస్తుంది. కుండీల మధ్య బెత్తెడు ఎడం ఉంచితే సగం తగ్గుతుంది.

వేసవి నిద్ర

ఉగాది దాటాక ఆకులు పసుపుకు తిరగడం మొదలవుతుంది. కంగారుపడి నీళ్ళూ ఎరువూ పెంచకండి, మొక్క పడుకోబోతోంది. ఎరువు పూర్తిగా ఆపి, నీళ్ళ ఎడం అయిదు రోజుల నుంచి వారానికి, తర్వాత పది రోజులకు పెంచుకుంటూ పోవాలి. పచ్చగా ఉన్న ఆకును కోయవద్దు. అది తనలో ఉన్నదంతా దుంపకు దించుకుంటూ ఉంటుంది. మే నెల మధ్యకు ఆకు తనంతట తానే కాగితంలా ఎండి, పట్టుకుంటే చేతికి ఊడి వస్తుంది.

దుంపను అదే కుండీలో పొడిమట్టిలో ఉంచి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూలలో పెట్టండి. మాకది ఉత్తరపు గోడను ఆనుకుని ఉన్న బియ్యం డ్రమ్ము వెనక నేల. బయట 42 డిగ్రీలున్నా ఆ మూల ఓర్చుకోగలిగేలా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టవద్దు, ఉష్ణదేశపు దుంప ఆ చలికి పాడవుతుంది. నెలకోసారి కుండీ అంచున రెండు చెంచాల నీళ్ళు వేస్తే మరీ వడలిపోకుండా ఉంటుంది.

కార్తెల లెక్క మన సౌకర్యం కోసమే. ఒక్కోసారి జులైలోనే, ఇంకా నిద్ర తీరకుండానే, ఊదారంగు మొలక తల పైకెత్తుతుంది. మొలిచిందాన్ని ఆపాలని చూస్తే దుంప అరిగిపోతుంది. కొత్త మట్టిలోకి మార్చి, ఇంట్లో చల్లటి వెలుతురున్న చోట పెట్టి, ఆ ఏడాదికి దీపావళి పూలు అనుకోండి. హస్త వచ్చినా మొలవకపోతే దుంప తీసి నొక్కి చూడండి. గట్టిగా ఉంటే పాత వేర్లు దులిపి, కొత్త మట్టిలో నాటి, ఓపిక పట్టండి.

ఒక ఆకు నుంచి

గింజలు దుమ్ములా ఉంటాయి, వాటికి మట్టి కప్పకూడదు, వెలుతురులోనే మొలుస్తాయి, పూయడానికి ఆరు నెలలు. నేను ఆ జోలికి వెళ్ళను. ఆకు తేలిక. జనవరిలో, ముదరని లేతకానిదాన్ని ఒకటి మూడు సెంటీమీటర్ల కాడతో కోసి, సగం పొట్టు సగం ఇసుక కలిపిన పెరుగు కప్పులో కాడ మునిగేలా గుచ్చి, పైన పాలిథిన్ సంచి తొడిగి నీడలో ఉంచండి. నాలుగు వారాల్లో వేరు వస్తుంది. తర్వాత చాలాకాలం ఏమీ జరగదు. ఏప్రిల్‌లో ఆకు పండి ఎండిపోతుంది, చూసేవాళ్ళు చచ్చిందనుకుంటారు. మొదటిసారి నేనూ కప్పును చెత్తబుట్ట మీద బోర్లించాను. పొట్టు రాలుతుంటే ఏదో టక్కున అంచుకు తగిలింది. వెతికితే బఠాణీ గింజంత దుంప, బొడ్డుతో సహా, పూర్తిగా తయారై ఉంది.

దాన్ని పొడి ఇసుకతో అగ్గిపెట్టెలో పెట్టి, మీద నెల రాసి, బియ్యం డ్రమ్ము వెనక పెద్దవాటి పక్కనే ఉంచాను. హస్తలో నాటితే మార్చికి మూడు పూలు పూసింది.